తుంటి మార్పిడి తర్వాత ఒక కాలు పొడవైనట్టుంటే: కొలత, లిఫ్టు, చెప్పులు

కాకినాడ_కిట్టు | సోమవారం, ఉదయం 9:10

64 ఏళ్ల ఆవిడ. కుడి తుంటి మార్చి 7 వారాలు. కోత వెనక వైపు నుంచి. వాకర్ వదిలేసి చేతికర్రతో నడుస్తున్నారు. నిలబడితే కుడికాలు పొడవైపోయినట్టు ఉందనీ, ఎడమ మడమ నేలకి ఆనడం లేదనీ అంటున్నారు. టేపుతో కొలిస్తే మొదటి రోజు 8 మి.మీ. తేడా, మర్నాడు 18. మెడికల్ షాపులో సిలికాన్ హీల్ ప్యాడ్ ఇచ్చారు. అది వాడొచ్చా? వాడితే ఏ కాలికి?

ఫిజియో_హనుమకొండ | సోమవారం, ఉదయం 10:02

కిట్టు గారూ, ఆ ప్యాడ్ ప్రస్తుతానికి పెట్టెలోనే ఉంచండి. తొలి 3 నెలలు లిఫ్టు (పొట్టి కాలి కింద పెట్టే ఎత్తు) ఊసెత్తకపోవడమే నా పద్ధతి.

7 వారాలప్పుడు "కాలు పొడవైంది" అన్న మాట చాలామంది నోట వస్తుంది. అందులో రెండు రకాలు. ఒకటి ఎముకల్లో నిజంగా ఉన్న తేడా. అంటే కొత్త కీలు పెట్టాక కాలు మిల్లీమీటర్లలో కొలవగలిగేంత పొడవైంది. రెండోది కాళ్లు సమానంగానే ఉండి పెల్విస్ (నడుం కింది కటి ఎముకల చట్రం) ఒక పక్కకి వంగి ఉండటం. ఆపరేషన్ వైపు తుంటి పక్క కండరాలు, ముందు కండరాలు బిగుసుకుని ఉంటే పెల్విస్ ఆ వైపు కిందికి దిగుతుంది. దాంతో ఆ కాలు నేలలోకి పొడుచుకుపోతున్నట్టు, రెండోది గాల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ రెండో రకం వ్యాయామంతో చాలామందిలో 3 నుంచి 6 నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా గాల్లో ఉన్న కాలి కింద ప్యాడ్ పెట్టేస్తే బిగుసుకున్న కండరానికి సాగాల్సిన పని తప్పిపోతుంది. వంకర అలాగే స్థిరపడుతుంది.

ఇంట్లోనే చూడగల గుర్తు ఒకటుంది. ఆవిడని గోడకి ఎదురుగా నిలబెట్టి, మీరు వెనక కూర్చుని, రెండు చేతుల చూపుడు వేళ్లు నడుం పక్క ఎముకల పై అంచు మీద అడ్డంగా ఆనించండి. మీ కళ్లు వేళ్ల ఎత్తులోనే ఉండాలి. పొడవు అనిపిస్తున్న కాలి వైపు ఎముక ఎత్తుగా ఉంటే తేడా కాల్లో ఉంది. అదే వైపు దిగి ఉంటే తేడా పెల్విస్‌లో ఉంది. లిఫ్టు సంగతి ఆలోచించే ముందు ఈ ఒక్కటి తేల్చుకోవాలి.

గుంటూరు_ఆర్థోటిస్ట్ | సోమవారం, ఉదయం 10:40

పైదానికి ఒక చేర్పు. లిఫ్టు ఎప్పుడు పెట్టినా పొట్టి కాలికే. ఆపరేషన్ అయింది కుడికి కాబట్టి ప్యాడ్ కూడా కుడికే అనుకుని పెట్టేసే ఇళ్లు ఎక్కువ. ఈ కేసులో అలా పెడితే ఉన్న తేడా ఇంకా పెరుగుతుంది.

కాకినాడ_కిట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:15

చూశాం. కుడి వైపు ఎముక కాస్త కిందికే ఉన్నట్టుంది, కానీ కచ్చితంగా చెప్పలేం, కొంచెం లావు మనిషి. టేపు లెక్క ఎందుకు రోజుకో రకంగా వస్తోంది?

ఫిజియో_హనుమకొండ | సోమవారం, మధ్యాహ్నం 2:30

టేపు బాగా చేయి తిరిగినవాళ్లు పట్టినా 5 మి.మీ. అటూఇటూ పోతుంది. కొత్తవాళ్లు పడితే సెంటీమీటరు కూడా పోతుంది. ఎక్కడెక్కడ పోతుందో చెబుతా.

పరుపు మీద కొలవకండి. నడుం ఒక పక్క దిగబడిపోతుంది. చెక్క బల్ల గానీ, చాప పరిచిన గట్టి మంచం గానీ కావాలి. ఆవిడ వెల్లకిలా, కాళ్ల మధ్య ఒక జానెడు ఎడం. రెండు కాళ్లూ ఒకే కోణంలో ఉండాలి. ఒకటి బయటికి తిరిగి, మరొకటి నిటారుగా ఉంటే ఆ లెక్క పనికిరాదు. ఒక మోకాలు పూర్తిగా చాపలేని మనిషైతే రెండో మోకాలి కింద కూడా అంతే ఎత్తు తువ్వాలు చుట్ట పెట్టి కొలవాలి.

పై మొన: నడుం ముందు భాగంలో, గజ్జకి పైన పక్కగా చేతికి తగిలే ఎముక మొన. బొటనవేలు కిందినుంచి పైకి జరుపుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డుకుంటుంది, అదే. బట్ట మీంచి కాదు, ఒంటిమీదే వెతకాలి. కింది మొన: చీలమండ లోపలి వైపు గుబ్బ, దాని కింది అంచు. టేపు మోకాలి లోపలి పక్కగా పోవాలి, మోకాలిచిప్ప మీదుగా కాదు. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ఇది ఎముకల పొడవు.

తర్వాత బొడ్డు నుంచి అదే చీలమండ గుబ్బ దాకా రెండు కాళ్లకీ కొలవండి. మొదటి కొలత రెండు కాళ్లకీ సమానంగా వచ్చి, బొడ్డు కొలతలో తేడా వస్తే పెల్విస్ వంకరే.

పాలకొల్లు_పీటీ | సోమవారం, సాయంత్రం 5:05

టేపు కన్నా పలకల పరీక్షే నమ్మదగ్గది. ఖర్చు కూడా లేదు. హార్డ్‌వేర్ కొట్లో 4 మి.మీ., 6 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు అడగండి, పాదం మొత్తం పట్టేలా 30 × 12 సెం.మీ. కోయించండి. ఒక్కో మందంలో రెండేసి చాలు. 4, 6, 8, 10, 12, 14, 16, 20 అన్నీ వాటితోనే పేర్చుకోవచ్చు. అంచులు గరుకు కాగితంతో రుద్దండి, పాదానికి పుల్ల గుచ్చుకుంటే అదో గొడవ.

చెప్పులు లేకుండా, పాదాలు ఓ 15 సెం.మీ. ఎడంగా, మోకాళ్లు చాపి నిలబెట్టాలి. ఎదురుగా పట్టుకోడానికి వంటింటి గట్టు గానీ కిటికీ ఊచ గానీ ఉండాలి. పొట్టి అంటున్న కాలి కింద ముందు 4 పెట్టండి, తర్వాత 6, 8, అలా పెంచుకుంటూ పోండి. ప్రతిసారీ ఓ నిమిషం ఆగండి. రెండు లెక్కలు రాయాలి: మీ వేళ్లు సమంగా వచ్చిన మందం ఎంత, "ఇప్పుడు బాగుంది" అని ఆ మనిషి అన్న మందం ఎంత. ఈ రెండూ ఒకటే అయితే (2 మి.మీ. అటూఇటూ పర్వాలేదు) అది ఎముకల తేడా. మనిషికి హాయిగా ఉన్నచోట పెల్విస్ ఇంకా వంకరగా ఉంటే కండరాల బిగుసు. పలక పెట్టిన కొద్దీ పెల్విస్ వంకర ఇంకా పెరుగుతుంటే సందేహమే అక్కర్లేదు.

ఇదే మనిషిని గట్టి స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ చూడండి. స్టూలు ఎత్తుగా ఉండాలి, మోకాళ్లు తుంటి కన్నా పైకి రాకూడదు. తేడా కాళ్లదైనా, తుంటి కండరాల బిగుసుదైనా కూర్చోగానే పెల్విస్ సమం అవుతుంది. కూర్చున్నా వంకర అలాగే ఉంటే మూలం వెన్నులో ఉంది. పాత పక్కగూని (వెన్ను పక్కకి వంగిన స్కోలియోసిస్), నడుములో రాడ్లు, స్క్రూలు వేసినవాళ్లు, వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. వాళ్లకి కొలత ప్రకారం లిఫ్టు కొడితే నడుం నొప్పి కొని తెచ్చుకున్నట్టే. వాళ్లకి హాయిగా ఉన్న మందమే లెక్క.

ఎక్స్‌రే_గది | సోమవారం, రాత్రి 8:20

ఆపరేషన్ తర్వాత తీసిన పెల్విస్ ఎక్స్‌రే ఇంట్లోనే ఉంటుంది కదా, దాన్ని వాడుకోండి. రెండు వైపులా తుంటి గిన్నెల లోపలి కింది భాగంలో కన్నీటి చుక్క ఆకారం కనిపిస్తుంది. రెండు చుక్కల అడుగులని కలుపుతూ ఒక గీత గీయాలి. తొడ ఎముక లోపలి పక్కన చిన్న బొడిపె ఉంటుంది, లెస్సర్ ట్రొకాంటర్ అంటారు. ఆ గీత నుంచి బొడిపె దాకా నిలువుగా ఎంతుందో రెండు వైపులా కొలవాలి. ఆ రెండింటి మధ్య తేడాయే తుంటి దగ్గర వచ్చిన తేడా.

రెండు జాగ్రత్తలు. బొడిపె ఒక వైపు పెద్దగా, ఇంకో వైపు ఎముక చాటున దాక్కుని ఉంటే ఫిల్మ్ తీసేటప్పుడు కాళ్లు ఒకేలా తిప్పలేదని అర్థం. ఆ ఫిల్మ్ మీద కొలవొద్దు. రెండోది, ఎక్స్‌రేలో ఎముక అసలు కన్నా పెద్దదిగా పడుతుంది. దాన్ని సరిచేయడానికి మంచి ఉపాయం ఇంప్లాంట్ స్టిక్కర్. డిశ్చార్జి కాగితాలకి అంటించిన స్టిక్కర్లలో హెడ్ (కొత్త కీలు గుండు) సైజు మి.మీ.లో ఉంటుంది: 28, 32, 36 అని. ఫిల్మ్ మీద ఆ గుండు అడ్డకొలత తీయండి. అసలు 32, ఫిల్మ్ మీద 37 ఉందనుకుందాం. ఫిల్మ్ మీద 14 మి.మీ. తేడా అంటే 14 × 32 ÷ 37, అసలు తేడా 12 మి.మీ. కప్పులో (తుంటి గిన్నెలో బిగించిన కృత్రిమ భాగం) గుండు అంచు సరిగ్గా కనపడకపోతే ఈ లెక్క వదిలేయండి, ఊహించి గీయొద్దు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసిన ఎక్స్‌రే మీద కొలిచేవాళ్లకి దండం. ఫోన్ కాస్త వంగినా కొలత మారిపోతుంది.

ఇంకోటి, పెల్విస్ ఎక్స్‌రే తుంటి వరకే చెబుతుంది. చిన్నప్పటి పోలియో, అతుక్కున్న పాత కాలి విరుపు, దొడ్డికాళ్లు పడిన మోకాలి అరుగుదల, ఇవన్నీ పొడవు తగ్గించేవే. అలాంటివి ఉంటే తుంటి నుంచి చీలమండ దాకా నిలబడి తీసే ఫిల్మ్ గానీ, సి.టి. స్కానోగ్రామ్ (కాలు మొత్తం పొడవు కొలిచే స్కాన్) గానీ కావాలి.

కొత్తపేట_మామయ్య | సోమవారం, రాత్రి 9:00

అసలు ఇంత పెద్ద ఆపరేషన్ చేసేవాళ్లు కాళ్లు సమానంగా పెట్టలేరా? బల్ల మీద కొలుచుకోవచ్చుగా?

కీళ్ల_డాక్టర్ | సోమవారం, రాత్రి 10:35

మామయ్య గారి ప్రశ్న న్యాయమైందే. కొలుస్తారు. అయినా మిగులుతుంది, ఎందుకో చెబుతాను.

కీలు జారిపోకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న కండరాలు బిగువుగా ఉండాలి. ట్రయల్ గుండు (కొలత చూడటానికి తాత్కాలికంగా పెట్టేది) పెట్టి లాగి చూసినప్పుడు కీలు వదులుగా కదిలితే ఒక మెట్టు పొడవైన గుండు వేస్తారు. తొడ ఎముక మెడ కోణం దాదాపు 135 డిగ్రీలు కాబట్టి 4 మి.మీ. పొడవైన గుండు వేస్తే కాలు ఓ 3 మి.మీ. పొడవవుతుంది, తొడ ఎముక మరో 3 మి.మీ. బయటికి జరుగుతుంది. ఈ బయటికి జరగడం టేపుకి దొరకదు. కానీ పక్క కండరం లాగబడి, కాలు ఉన్నదానికన్నా పొడవైనట్టు అనిపిస్తుంది. పొడవు మరీ తగ్గిస్తే కీలు జారే ప్రమాదం, జారకుండా బిగిస్తే పొడవు. రెండింటిలో సర్జన్ ఎప్పుడూ జారకుండా ఉండటాన్నే ఎంచుకుంటాడు, అలాగే ఎంచుకోవాలి కూడా. వెనక కోతకి రోగిని పక్కకి తిప్పి పడుకోబెడతారు. అందువల్ల రెండు మోకాళ్లు, రెండు పాదాలు పక్కపక్కన పెట్టి పోల్చడం వెల్లకిలా పడుకున్నంత తేలిక కాదు.

ఇక మనిషి వైపు నుంచి. తుంటి అరిగిపోయినా, రక్తప్రసరణ ఆగి గుండు కుంగిపోయినా, ఆ కాలు ఏళ్ల తరబడి నెమ్మదిగా 10, 15 మి.మీ. కురచైపోతుంది. ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. ఒక్క పూటలో అసలు పొడవు తిరిగి ఇస్తే, సమానంగా ఉన్న కాలు కూడా పొడుగ్గా తోస్తుంది. 10 మి.మీ. లోపు తేడా చాలామందికి కొన్ని నెలల్లో గుర్తే ఉండదు. 20 దాటితే నడకలో కనిపిస్తుంది. పొడవైన కాలి మోకాలు వంచి నడవడం, పొట్టికాలి మడమ ఎత్తి నడవడం, నడుం నొప్పి మొదలవుతాయి.

పాలకొల్లు_పీటీ | మంగళవారం, ఉదయం 7:50

అయితే 3 నెలలు లిఫ్టు ఊసెత్తకూడదు అన్నదాన్ని శిలాశాసనం చేయొద్దు. ఎక్స్‌రేలో 20, పలకల మీద కూడా 20 వచ్చిన మనిషిని 3 నెలలు మోకాలు వంచి నడవమంటే, ఆ మోకాలు వంగే అలవాటు పడుతుంది, నడుం నొప్పి మొదలవుతుంది.

ఫిజియో_హనుమకొండ | మంగళవారం, ఉదయం 8:25

ఎక్స్‌రే, పలకలు రెండూ ఒకే మాట చెబితే నాదీ అదే మాట. అప్పుడు కూడా సగమే, అదీ నడిచేటప్పుడే. 20 ఉంటే 8 నుంచి 10. టేపు ఒక్కటే చూసి, మనిషి చెప్పింది ఒక్కటే విని పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. తొలి 3 నెలల్లో మన దగ్గరికి వచ్చేవాళ్లలో కండరాల బిగుసే ఎక్కువ.

పాలకొల్లు_పీటీ | మంగళవారం, ఉదయం 8:31

ఆ లెక్కన ఒప్పందమే 🙂

కాకినాడ_కిట్టు | మంగళవారం, ఉదయం 11:20

పలకలు తెచ్చాం. 6 పెడితే "బాగుంది" అన్నారు. కానీ కుడి ఎముక ఇంకా కిందికి పోయింది. స్టూలు మీద కూర్చుంటే రెండూ సమంగా ఉన్నాయి. స్టిక్కర్‌లో 32 హెడ్. ఎక్స్‌రే మీద లెక్క కడితే 4 మి.మీ. వచ్చింది. అంటే వ్యాయామమేనా? ఏవి?

ఫిజియో_హనుమకొండ | మంగళవారం, మధ్యాహ్నం 12:45

స్పష్టంగా కండరాల కేసు. 4 మి.మీ.కి లిఫ్టు అక్కర్లేదు. ప్యాడ్ తిరిగి ఇచ్చేయండి, డబ్బులిస్తే సంతోషం.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైంది: తుంటి పైకి లాగడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు చాపి, కుడి మడమని మంచం మీద జారుస్తూ కాలు మొత్తాన్ని చంక వైపుకి లాగాలి. మోకాలు వంగకూడదు, కాలు లేవకూడదు. కుడికాలు పొట్టిదైపోతున్నట్టు కనపడాలి. 5 లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. 10 సార్లు, రోజుకి మూడు పూటలు. ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. మోకాలు వంచేసి "లాగాం" అనుకుంటారు. మోకాలిచిప్ప మీద అరచెయ్యి పెట్టి చూడండి, వంగితే చేతికి తెలుస్తుంది.

రెండోది, ముందు కండరం సాగదీయడం. మంచం మీద వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలిని రెండు చేతులతో పొట్ట వైపుకి లాక్కోవాలి, కుడి తొడ వెనక భాగం మంచానికి ఒత్తాలి. 30 సెకన్లు, 5 సార్లు. ఎడమ మోకాలు లాగగానే కుడి తొడ మంచం మీంచి లేస్తోందంటే బిగుసు ఉన్నట్టే, అది ఎంత లేస్తోందో వారానికోసారి చూసి రాయండి. బోర్లా పడుకోవడం దీనికి ఇంకా మంచి మందు, పూటకి 15 నిమిషాలు. కానీ డాక్టరు సరే అన్నాకే. తిరిగేటప్పుడు కాళ్ల మధ్య దిండు తప్పదు. ముందు వైపు కోత పెట్టినవాళ్లు మాత్రం ఈ రెండూ సర్జన్‌ని అడక్కుండా చేయొద్దు. వాళ్లకి కాలు వెనక్కి పోయి బయటికి తిరిగితే జారే ప్రమాదం.

వెనక కోత వాళ్లకి తుంటి 90 డిగ్రీలు దాటి వంచడం, కాలు మీద కాలు వేయడం, పాదం లోపలికి తిప్పడం సర్జన్ చెప్పినన్ని వారాలు వద్దు. అందుకని పక్క కండరం సాగదీస్తామని కాలు అడ్డంగా దాటించే యూట్యూబ్ వ్యాయామాలు ఇప్పుడే వద్దు. దాని బదులు పాదాలు రోజూ కాస్త కాస్త దగ్గరగా పెట్టి నిలబడండి. మొదటి వారం జానెడు ఎడం, తర్వాత నాలుగు వేళ్లు, ఆపైన రెండు వేళ్లు.

మూడోది, అద్దం. నడుం ఎముకల మీదుగా ఒక రిబ్బను కట్టి నిలువుటద్దం ముందు నిలబడాలి. రిబ్బను అడ్డంగా గీత గీసినట్టుందా, ఒక పక్క దిగిందా అని చూస్తూ సరిచేసుకోవాలి. కళ్లతో చూస్తే ఒళ్లు త్వరగా నేర్చుకుంటుంది.

రెండు బరువు మిషన్లు దొరికితే ఒక్కో పాదం ఒక్కోదాని మీద. 60 కిలోల మనిషికి రెండూ 30 దగ్గర చూపాలి. ఆపరేషన్ కాలి వైపు 20 చూపిస్తుంటే ఆ కాలిని ఇంకా దాచుకుంటున్నారని అర్థం.

నర్సింగ్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:10

కర్ర ఏ చేత్తో పట్టుకున్నారో కూడా చూడండి తమ్ముడూ. కుడి తుంటి ఆపరేషన్ అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. కుడి చేత్తో పట్టుకుని ఆ పక్కకి వాలితే ఉన్న వంకరకి ఇంకో వంకర. కర్ర పిడి మణికట్టు ముడత ఎత్తుకి రావాలి, అది చెప్పులు వేసుకునే కొలవాలి.

నెల్లూరు_రాధ | మంగళవారం, సాయంత్రం 4:00

మా కేసు వేరే. ఏడాది దాటింది. కుడి వైపే ఆపరేషన్, ఎడమ పొట్టి. ఎక్స్‌రే, పలకలు రెండింటిలోనూ 16 మి.మీ. వ్యాయామాలు అన్నీ అయ్యాయి. నడిస్తే ఒళ్లు కుడి పక్కకి ఊగుతోంది. లిఫ్టు ఎలా మొదలెట్టాలి?

ఫిజియో_హనుమకొండ | మంగళవారం, సాయంత్రం 4:40

రాధ గారూ, ముందు ఒకటి తేల్చండి. కుడికాలి మీద ఒంటికాలిపై 30 సెకన్లు నిలబెట్టండి, పట్టుకునేది దగ్గర్లో ఉంచి. ఎడమ వైపు పెల్విస్ దిగిపోతుంటే, లేదా ఒళ్లు కుడికి వాలిపోతుంటే, అది తుంటి పక్క కండరం బలహీనత. ఆ ఊగుడు ఎన్ని లిఫ్టులు పెట్టినా పోదు. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, కాళ్ల మధ్య దిండుతో, కుడికాలు ఎత్తే వ్యాయామం 3 నెలలు పట్టుగా చేయాలి. లిఫ్టు 16 మి.మీ. తేడా కోసం, అది వేరే పని.

గుంటూరు_ఆర్థోటిస్ట్ | మంగళవారం, సాయంత్రం 6:15

లిఫ్టు సంగతి నేను చెబుతాను. 16 ఉందని 16 కొట్టకూడదు. చివరికి 10 నుంచి 12 చేరితే చాలామందికి సరిపోతుంది. 4 మి.మీ.తో మొదలు. మొదటి రోజు గంట, రోజుకో గంట పెంచుకుంటూ వెళ్లండి. రెండు వారాలకి ఇంకో 4. మళ్లీ రెండు వారాలకి చూసి 2 లేదా 4. ఏ మెట్టులోనైనా కొత్తగా నడుం నొప్పో, అవతలి మోకాలి నొప్పో వస్తే ఒక మెట్టు దిగండి, అదే మీ లెక్క.

షూ లోపల మడమ కింద 10 మి.మీ. దాకానే పెట్టగలం. ఆపైన మడమ షూ వెనక గోడ దాటి పైకి వచ్చేస్తుంది, నడిస్తే ఊడిపోతుంది. పాదం ముందుకి జారి వేళ్లు కుక్కుకుంటాయి. లోపలి లిఫ్టు మడమ కింద చిన్న ముక్కలా ఉండకూడదు. మడమ దగ్గర పూర్తి మందం ఉండి, పాదం మధ్య దాటి వేళ్ల కీళ్ల వెనక దాకా పలచబడుతూ పోవాలి. గట్టి రబ్బరు, కార్క్, గట్టి ఇ.వి.ఎ. (షూ సోల్‌కి వాడే నురగ లాంటి తేలికైన షీటు) ఏదైనా పర్వాలేదు. సిలికాన్ జెల్ మాత్రం వద్దు. చేతిలో 10 మి.మీ. ఉన్నది ఒంటి బరువు పడగానే అణిగిపోతుంది. పైగా మడమ అటూ ఇటూ తూలుతుంది. జెల్ మడమ నొప్పికి, ఎత్తుకి కాదు.

చిన్న కిటుకు: పొడవైన కాలి షూలో ఉన్న మెత్తని ఇన్‌సోల్ తీసేసి పలచటిది వేస్తే 3 మి.మీ. దాకా అక్కడే కలిసొస్తుంది. అవతలి షూలో అంత తక్కువ పెట్టొచ్చు.

12 మి.మీ. అంటే కొంత లోపల, కొంత బయట. లోపల 6, సోల్‌కి 6 అన్నట్టు. ఆర్థోటిస్ట్ (లిఫ్టులు, కాలి పట్టీలు చేసే నిపుణుడు) దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

తెనాలి_చెప్పులకొట్టు | మంగళవారం, రాత్రి 8:50

సోల్ పెంచే పని మా దగ్గరికి వస్తుంది కాబట్టి చెబుతున్నా. ముందు షూ ఎంపిక. కింద గాలి బుడగలు, జెల్ డబ్బాలు ఉన్న షూ తేవద్దు. ఇన్‌సోల్ ఎత్తి చూస్తే లోపల తేనెపట్టులా గూళ్లున్న అచ్చుపోసిన సోల్ కూడా వద్దు, కోస్తే బోలు బయటపడుతుంది. నిండుగా ఇ.వి.ఎ. ఉండి, కింద పలచటి రబ్బరు అంటించి ఉన్న లేసుల షూ మేలు.

పని ఇలా: కింది రబ్బరు పొరని వేడి గాలి చూపించి, కత్తితో మడమ నుంచి మెల్లగా విప్పాలి. మధ్యలో ఇ.వి.ఎ. షీటు చేర్చి మళ్లీ ఆ రబ్బరే అంటించాలి. అప్పుడు అరుగుదల, జారుడు రెండు కాళ్లకీ ఒకేలా ఉంటాయి. రబ్బరు కిందే ఇంకో అట్ట కొట్టేస్తే తడి నేల మీద ఆ కాలు జారుతుంది. మడమ కింద 15 పెడితే వేళ్ల కీళ్ల దగ్గర 10, ముందు కొస 5కి దించాలి. ముందు కొస ఎత్తుగా వదిలేస్తే అడుగు తీసేటప్పుడు వేళ్లు గడపకి తగిలి పడతారు. సోల్ మొత్తం ఒకే మందం వేస్తే షూ వంగదు, చెక్కబల్లలా టకటకమంటుంది.

షీటు గట్టిది తీసుకోవాలి, బొటనవేలితో నొక్కితే గుంట పడకూడదు. షుగర్ చెప్పులకి వాడే మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు ఎత్తుకి పనికిరాదు, నెలరోజుల్లో అణిగిపోతుంది. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషన్ రెండు ముక్కలకీ పూసి, వేలికి అంటుకోనంతగా ఆరనివ్వాలి, 10-15 నిమిషాలు. అప్పుడు కలిపి సుత్తితో అంచుల దాకా కొట్టి, ఒక రోజు వదిలేయాలి. ఊడిపోయి తిరిగొచ్చే షూల్లో ఎక్కువ భాగం దుమ్ము తుడవనివే, లేదా ఆరకముందే అంటించినవి.

స్లిప్పర్ల సంగతి. హవాయి చెప్పుకి కింద పొర అంటిస్తే మూడు బొత్తాలూ లోపల ఉండిపోతాయి. వాటికి గుంటలు తియ్యకపోతే అక్కడ సోల్ ఉబ్బుతుంది. వారు తెగిందా, చెప్పు పారెయ్యాల్సిందే. పైగా వెనక పట్టీ లేని చెప్పు ఎత్తు పెరిగాక కాలికి నిలవదు. వెనక పట్టీ ఉన్న, వారు పక్కకి కుట్టిన చెప్పే తీసుకోండి.

నెల్లూరు_రాధ | బుధవారం, ఉదయం 8:00

ఇంత వివరంగా చెప్పినందుకు దండాలు. అసలు చిక్కు ఇంట్లో. బయటికి వెళ్లేది గంట, ఇంట్లో ఉండేది మిగతా రోజంతా. గడప లోపల చెప్పులు వేసుకోరు. దేవుడి గది, వంటగది సంగతి చెప్పక్కర్లేదు.

గుంటూరు_ఆర్థోటిస్ట్ | బుధవారం, ఉదయం 9:20

మన ఇళ్లలో లిఫ్టు పనిచేయకపోవడానికి మొదటి కారణం ఇదే. విదేశీ సలహాలన్నీ పొద్దున్నే షూ వేసుకుని రాత్రి విప్పేవాళ్ల కోసం రాసినవి.

వీధి మొహం ఎరగని ఒక జత ఇంట్లోకి అని విడిగా ఉంచండి, వెనక పట్టీతో, అదే ఎత్తుతో. ఆ జత గడప దాటదు కాబట్టి పెద్దవాళ్లు కూడా ఒప్పుకుంటారు. వంట గట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడేచోట, పొట్టికాలు ఆనే స్థలంలో పలక పరీక్షకి తెచ్చిన ప్లైవుడ్డే మెత్తటి చాపకి అడుగున అతికించి పెట్టొచ్చు. అది కదలకూడదు, అంచుకి రంగు టేపు వేయండి, తట్టుకుని పడకుండా. దేవుడి గదికి, గుడికి బిగువైన మేజోడులో 4-5 మి.మీ. కార్క్ ముక్క మడమ కింద పెట్టుకోవచ్చు. తడి నేల మీద మాత్రం మేజోడు వద్దే వద్దు. స్నానాల గదిలో లిఫ్టు అవసరం లేదు, అక్కడ కావాల్సింది గోడకి పట్టుకునే కడ్డీ.

నర్సింగ్_అక్క | బుధవారం, ఉదయం 10:05

బట్టల కొలత కూడా. లిఫ్టు వేశాక ప్యాంటు ఒక కాలు నేలకి రాసుకుంటుంది, ఇంకోటి గిలక పైకి పోతుంది. కుట్టించేటప్పుడు ఆ చెప్పులతోనే నిలబడి కొలతివ్వాలి. చీర కుచ్చిళ్లు కూడా చెప్పు వేసుకున్నాకే పెట్టుకోమనండి. లేకపోతే ఎత్తు కాలి కొస కుచ్చిళ్లలో చిక్కుకుంటుంది.

కొత్తపేట_మామయ్య | బుధవారం, మధ్యాహ్నం 1:30

రెండో తుంటి కూడా చెడిపోయినవాళ్లకి?

కీళ్ల_డాక్టర్ | బుధవారం, మధ్యాహ్నం 2:45

అక్కడ సోల్ పెంచే ఖర్చుకి తొందరపడకండి. రెండో వైపు గుండు కుంగి ఉంటే ఆ కాలు ఇప్పటికే కురచ. అందుకే మొదటి కాలు పొడవనిపిస్తోంది. రెండోది చేసేటప్పుడు సమం చేసే అవకాశం ఉంటుంది. ఆ సర్జన్‌కి మొదటి ఆపరేషన్ ఇంప్లాంట్ స్టిక్కర్లు, ఇప్పటి పలకల లెక్క రెండూ ఇవ్వండి. అప్పటిదాకా షూ లోపల తాత్కాలిక లిఫ్టు చాలు. మోకాలు కూడా మార్చాల్సి ఉంటే అదీ చెప్పాలి. దొడ్డికాలు సరిచేస్తే ఆ కాలు కొంత పొడవు తిరిగి పొందుతుంది.

పొడవు ఒక్కటే కారణంగా మళ్లీ కోసి తగ్గించమని అడిగేవాళ్లు ఉన్నారు. అది తేలిక పని కాదు. తగ్గిస్తే కండరాలు వదులై కీలు జారొచ్చు, మళ్లీ చేసిన ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ భయం మొదటిదాని కన్నా ఎక్కువ. లిఫ్టుతో సర్దుకోనంత తేడా, ఆగని నొప్పి, నరం లాగుడు, వీటితోపాటు ఇంప్లాంట్ స్థానంలో కూడా తప్పు కనిపిస్తే ఆలోచిస్తాం.

ఇంకో ముఖ్యమైన మాట. ఇదంతా ఆపరేషన్ రోజు నుంచీ ఉన్న తేడా గురించే. బాగా ఉన్న కాలు కొత్తగా కురచయితే అది వేరే కథ. సిమెంటు లేని స్టెమ్ (తొడ ఎముకలోకి దించిన కాడ) మొదటి నెలల్లో ఎముకలోకి కుంగొచ్చు, ఎముక చిట్లొచ్చు, కప్పు కదలొచ్చు. తొడలో నొప్పితోపాటు పొడవు మారితే ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చాలి. ఒక్కసారిగా నొప్పి వచ్చి, కాలు కురచై లోపలికో బయటికో తిరిగి, నిలబడలేకపోతే కీలు జారినట్టు. లాగే ప్రయత్నం చేయకుండా, తినడానికి తాగడానికి ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి. పాదం పైకి లేవకపోయినా, పాదం పైభాగం మొద్దుబారినా అదే రోజు చూపించాలి. కాలు బాగా పొడవైనప్పుడు సయాటిక్ నరం లాగబడి అలా అవుతుంది.

కాకినాడ_కిట్టు | బుధవారం, సాయంత్రం 6:20

ఆఖరి ప్రశ్న. తుంటి పైకి లాగే వ్యాయామంలో ఆవిడ మడమ దుప్పటికి పట్టుకుపోతోంది, జారడం లేదు.

పాలకొల్లు_పీటీ | బుధవారం, సాయంత్రం 6:41

మడమ కింద పాలిథిన్ కవర్ పెట్టండి, మేజోడు వేసి. నల్లేరు మీద నడకలా జారుతుంది. అయ్యాక ఆ కవర్ మంచం మీంచి తీసేయడం మర్చిపోవద్దు, కింద పడితే దాని మీదే కాలేస్తారు.